పిలిచినంతనే పలుకు తెర

కంప్యూటరు వేగమును గూర్చి మాటాడునపుడు మనము సాధారణముగా యంత్రము పక్షమున నిలిచి లెక్కించుచుందుము: సెకనునకు ఎన్ని కోట్ల గణనలు చేయగలదు, మెమరీ యెంత, ఒక పెద్ద ఫైలును ఎంత కాలములో నకలు చేయగలదు అని. ఈ లెక్కలన్నియు సత్యములే యైనను, తెర యెదుట కూర్చుండి, మౌసు నొక్కి, మెనూ తెరచుకొనుటకై ఎదురుచూచు మనుష్యుని అనుభవమును గూర్చి ఇవి చెప్పునది మిక్కిలి స్వల్పము. ఎన్ని కోట్ల గణనలు చేయునదైనను, చేయి కదిలిన తరువాత తెరమీది బాణపు గుర్తు తడబడుచు కదిలెనేని, అట్టి యంత్రమును వాడువాడు మందమైనదనియే తలచును. ఆ తలంపు ముమ్మాటికి న్యాయమైనది. లినక్స్ డెస్క్‌టాప్ చరిత్రలో నాకు మిక్కిలి గౌరవము కలిగించు ఘట్టములన్నియు, కొలబద్దను యంత్రము చేతినుండి తీసికొని మనుష్యుని చేతికిచ్చుటకై కొందరు చేసిన యత్నములే.

ఈ విషయము నేడు తెలుగువారి యిండ్లకు కూడ దగ్గరగా వచ్చినది. 2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ ఇచ్చుచుండిన సాధారణ మద్దతు ముగిసెను. దాని తరువాతిదైన విండోస్ 11, టీపీఎమ్ 2.0 అను భద్రతా సాధనమును, కొంత క్రొత్త ప్రాసెసరును కోరును గనుక, చక్కగా పనిచేయుచున్న పాత యంత్రములు అనేకములు దానికి అర్హములు కాకపోయినవి. అట్టి యంత్రమును పారవేయుటకు మనసొప్పనివారు, వెల చెల్లింపక తెచ్చుకొనదగిన లినక్స్ వైపు చూచుట సహజము. అట్లు చూచినవారిలో కొందరు సంతోషముతో నిలిచిపోవుదురు. కొందరు రెండు ఫిర్యాదులతో వెనుదిరుగుదురు. ఇది కూడ నెమ్మదిగానే యున్నదని మొదటిది, ఏది ఎక్కడ నున్నదో తెలియుట లేదని రెండవది. పైకి ఇవి వేర్వేరుగా తోచినను, రెంటియందును వ్యర్థమగునది వాడువాని కాలమే. యంత్రము జవాబీయక నిలిచిన రెండు సెకనులును, కావలసిన బొత్తాము కానరాక వెదకిన రెండు సెకనులును అతనికి సమానములే గనుక, పనితీరును సులభత్వమును విడదీసి చర్చించు అలవాటు నాకు సమంజసముగా తోచదు.

మనుష్యుని ఓర్పునకు గల హద్దులు చిరకాలముగా తెలిసినవే. 1968లో రాబర్ట్ మిల్లర్ అను పరిశోధకుడు కంప్యూటరు ప్రతిస్పందన కాలములను గూర్చి వ్రాసినప్పటినుండియు స్థూలముగా అంగీకృతమైన లెక్క యిది: సెకనులో పదవ వంతు లోపల ఫలితము కనబడినచో, ఆ పనిని తన చేయియే స్వయముగా చేసినట్లు మనిషి భావించును, ఒక సెకను వరకు ఆలస్యము తెలియుచున్నను ఆలోచనాధార తెగదు, పది సెకనులు దాటెనా, మనసు వేరొక పనిమీదికి పోవును. నేటి యంత్రమునకు పదవ వంతు సెకను సుదీర్ఘకాలము. ఆ వ్యవధిలో అది చేయగల పని అపారము. అయినను తెర యెందుకు నిలిచిపోవును? పని చేయు శక్తి లేక కాదు. ఆ శక్తి ఆ క్షణమున వేరొకచోట వినియోగమగుచుండుటచేత.

లినక్స్‌కు మూలభాగమగు కెర్నెల్‌ను 1991లో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థియైన లినస్ టోర్వాల్డ్స్ తన యింటి పీసీ కొరకు వ్రాయ నారంభించెనే కాని, అది పెరిగి పెద్దదైనది సర్వర్ల యిండ్లలో. ప్రపంచమున అత్యంత వేగవంతములైన 500 సూపర్ కంప్యూటర్ల జాబితాలో 2017 నవంబరు నాటికి అన్నియు లినక్స్ మీదనే నడచుచుండెను. అట్టి యంత్రములయందు ముఖ్యమైనది రోజు ముగియునప్పటికి మొత్తము ఎంత పని పూర్తియైనదను లెక్క. నడుమ ఏ పని ఎంతసేపు వేచియున్నదను ప్రశ్నకు అచ్చట అంత ప్రాధాన్యము లేదు. పెండ్లి పంక్తిలో వడ్డన చేయువాడు ఒక వరుస నంతటిని ముగించికాని రెండవ వరుసకు పోనని పట్టుపట్టినచో అతని శ్రమ తగ్గును, పదార్థము కూడ వేగముగ చెల్లును; కాని రెండవ వరుసలో పొలమారి మంచినీళ్లకై పిలుచుచున్న పెద్దమనిషి గతి యేమి? డెస్క్‌టాప్ నందు మౌసు కదలిక, కీబోర్డు నొక్కు ఆ మంచినీళ్ల పిలుపు వంటివి. అవి కోరు పని కొంచెమే, కాని వెంటనే కావలెను.

ప్రాసెసరు కాలమును వివిధ ప్రోగ్రాములకు పంచి యిచ్చు భాగమును షెడ్యూలరు అందురు. ఈ షెడ్యూలరును మనుష్యుని పక్షమునుండి చూచినవారిలో అగ్రగణ్యుడు కాన్ కోలివాస్. ఆయన ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరమున శస్త్రచికిత్సలకు మత్తుమందిచ్చు వైద్యుడు. ప్రోగ్రాములు వ్రాయుట ఆయన వృత్తి కాదు, స్వయముగా నేర్చుకొన్న విద్య. తన యింటి కంప్యూటరు వెనుక నేదో బరువైన పని సాగుచుండగా పాట తెగిపోవుటయు విండోలు బిగుసుకొనుటయు ఆయనకు అంగీకారయోగ్యములుగా తోచలేదు. ఆయన చేసినదానిలో సవరణలకన్న ముందు గౌరవింపవలసినది, బరువైన పనుల నడుమ యంత్రము ఎంత త్వరగా పలుకుచున్నదో కొలుచుటకు ఆయన వ్రాసిన కాంటెస్ట్, ఇంటర్‌బెంచ్ అను పరీక్షలు. నెమ్మదిగా తోచుచున్నదను మాట అంతవరకు ఒక ఫిర్యాదు మాత్రమే. ఆ పరీక్షలతో అది అంకెయై, కాదనుటకు వీలులేనిదైనది.

2007 మార్చిలో ఆయన యొక క్రొత్త షెడ్యూలరును ప్రతిపాదించెను. అంతకుముందున్నది, ఏ ప్రోగ్రాము మనిషితో సంభాషించుచున్నదో, ఏది వెనుక శ్రమించుచున్నదో దాని నడవడిని బట్టి ఊహించి, మొదటిదానికి ఎక్కువ మన్నన చేయుచుండెను. ఊహ తప్పినపుడెల్ల తెర తడబడెను. కోలివాస్ చెప్పినది, ఊహలతో పనిలేకుండ అందరికిని న్యాయముగా పంచినచో, స్వల్పమైన పని గలవానికి తన వంతు సహజముగనే త్వరగా వచ్చునని. తరువాతి నెలలోనే కెర్నెల్ పెద్దలలో నొకడైన ఇంగో మోల్నార్ ఆ న్యాయసూత్రము మీదనే తానొక షెడ్యూలరును వ్రాసి ప్రకటించెను. మార్గమును చూపినది కోలివాస్ అని ఆ ప్రకటనలో చెప్పెను. 2007 అక్టోబరులో వెలువడిన 2.6.23 కెర్నెల్‌లో చేరినది మోల్నార్ వ్రాసినదే. కోలివాస్ ఆ సంవత్సరము జూలైలోనే కెర్నెల్ పని మానుకొనెను. ఎవరి కోడు మేలైనదను వివాదములోనికి నేను పోను. కాని పదహారేండ్లపాటు కోట్ల యంత్రములను నడిపిన షెడ్యూలరు వెనుక ఒక వైద్యుని యోచన కలదని, దానికి ప్రతిఫలముగా ఆయనకు దక్కినది అలసట యేనని తలచుకొన్నపుడు నాకు ఖేదము కలుగును. రెండేండ్ల తరువాత ఆయన మరల వచ్చి, కెర్నెల్‌కు వెలుపలనే, ఇంటి కంప్యూటర్ల కొరకు మరియొక షెడ్యూలరును ఇచ్చెను.

ఆ న్యాయపు షెడ్యూలరు పనిచేయు విధము సులభగ్రాహ్యము. ప్రతి ప్రోగ్రాము అంతవరకు ఎంత కాలము ప్రాసెసరును అనుభవించినదో లెక్క యుండును. అందరికన్న తక్కువ అనుభవించినదానికి తరువాతి వంతు. అయినను ఒక లొసుగు మిగిలినది. ఒకడు ఒకేసారి ఇరువది పనులను ఆరంభించినచో, ఇరువదింటికి ఇరువది వంతులు వచ్చి, పాపము ఏకాకియైన బ్రౌజరుకు ఒక్క వంతే దక్కును. ఒకే సెషనులో పుట్టిన పనులనన్నిటిని ఒక్క కుటుంబముగా నెంచి, కుటుంబమునకు ఒక వంతు ఇచ్చునట్లు మైక్ గాల్బ్రెయిత్ 2010లో వ్రాసిన చిన్న సవరణ, సుమారు రెండు వందల పంక్తుల కోడు, 2011లో 2.6.38 కెర్నెల్‌తో పాటు వచ్చి ఆ లొసుగును చాలవరకు పూడ్చెను. 2023 అక్టోబరులో 6.6 కెర్నెల్‌తో మోల్నార్ షెడ్యూలరు స్థానమును, 1995 నాటి యొక పరిశోధనాపత్రము ఆధారముగా పీటర్ జిల్‌స్ట్రా తెచ్చిన క్రొత్త పద్ధతి ఆక్రమించెను. ఇందు ఎంత కాలము కావలెనను ప్రశ్నతో పాటు, ఎప్పటిలోపల కావలెనను ప్రశ్నకు కూడ స్థానము లభించినది.

ప్రాసెసరు వంతు దక్కినంతమాత్రమున బొమ్మ తెరమీదికి వచ్చినట్లు కాదు. చిరకాలము ఈ బాధ్యతను వహించినది, 1984లో అమెరికాలోని ఎమ్.ఐ.టి.లో పుట్టిన ఎక్స్ విండో వ్యవస్థ. ఒక యంత్రములో నడచు ప్రోగ్రామును వేరొక యంత్రపు తెరమీద చూపుట దాని ఆశయములలో నొకటి. ఆ కాలమునకు అది ఉదాత్తమైనది. కాని ప్రోగ్రాములు గీయుట, విండోల నొకటిగా కూర్చుట, తెర చూపుట అను పనులు అందులో ఒకదాని వేళ నొకటి ఎరుగక సాగుటచే, విండోను లాగినపుడు బొమ్మ పైభాగము క్రొత్తది, క్రిందిభాగము పాతది అయి చీలినట్లు కనబడెడిది. 2008లో క్రిస్టియన్ హోగ్స్‌బర్గ్ ఆరంభించిన వేలాండ్, ప్రతి ఫ్రేము సంపూర్ణముగ సిద్ధమైన తరువాతనే తెరమీదికి రావలెనను నియమముతో ఈ దోషమును మూలమునుండి తొలగింపబూనెను. సెకనునకు 60 ఫ్రేములు చూపు తెరకు ఒక్కొక్క ఫ్రేమునకు దొరకు గడువు సుమారు 16.7 మిల్లీసెకనులు. ఆ గడువు తృటిలో తప్పినను తరువాతి ఫ్రేము వచ్చువరకు ఆగవలసినదే. అట్లు ప్రతి ఫ్రేమును తప్పుచు పోయినచో అరువది ముప్పదియై, కదలిక కుంటుపడును. పాత ల్యాప్‌టాపులలో జరుగునది ఇదియే. గీయుచున్న ఫ్రేము పూర్తికాకమునుపే తరువాతిదానిని ఆరంభించుటకు వీలుగా మూడవ చిత్రపటమును కల్పించు సవరణను డేనియల్ వాన్ వుగ్ట్ గ్నోమ్ డెస్క్‌టాప్‌కు ప్రతిపాదించెను. అది ప్రధాన కోడులో చేరుటకు ఐదేండ్లు పట్టి, 2025 మార్చిలో గ్నోమ్ 48తో వెలువడెను. నవ్యాలంకారమేదియు తెరమీద కనబడని ఇట్టి పనికొరకు ఐదేండ్లు ఓపిక పట్టుట సామాన్యము కాదు.

యంత్రము ఆరంభమగుటను గూర్చి ఒక్క మాట. 2008 సెప్టెంబరులో ఇంటెల్ ఇంజనీర్లు ఆర్యన్ వాన్ డి వెన్, ఆకె కాక్ అనువారు ఈ పీసీ అను చిన్న నెట్‌బుక్కును ఐదు సెకనులలో తెరచి చూపిరి. వారు దొరికినచోటనెల్ల కొంచెము కొంచెముగా తగ్గించుచు పోలేదు. మొత్తము ఐదు సెకనులే యని ముందుగ నిశ్చయించి, కెర్నెల్‌కు ఒకటి, తొలి సేవలకు ఒకటి, ఎక్స్‌కు ఒకటి, డెస్క్‌టాప్‌కు రెండు అని పంచి, ఆ వంతు మించినదానినెల్ల మార్చిరి. నేడు సాధారణ వినియోగదారుడు కూడ టెర్మినల్‌లో సిస్టమ్‌డీ-ఎనలైజ్ బ్లేమ్ అను ఆజ్ఞ నిచ్చి, తన యంత్రము తెరచుకొనునపుడు ఏ సేవ ఎంతసేపు తినుచున్నదో చూడవచ్చును.

ఇక పాత కంప్యూటరు గలవారు ముఖ్యముగా ఎరుగవలసినది మెమరీ సంగతి. 4 జీబీ ర్యామ్ గల యంత్రము నెమ్మదించినదన్న ప్రతివారును మొట్టమొదట డెస్క్‌టాప్‌ను తేలికదానిగా మార్చుమని సలహా యిత్తురు. ఎక్స్‌ఎఫ్‌సీఈ, ఎల్‌ఎక్స్‌క్యూట్ వంటివి తక్కువ మెమరీతో తృప్తిపడునను మాట నిజమే. కాని వానివలన మిగులునది కొన్ని వందల మెగాబైట్లు మాత్రమే. బ్రౌజరులో పది ట్యాబులు తెరచినంతనే ఆ పొదుపు హరించును. మెమరీ నిండినపుడు కెర్నెల్ చేయునదేమనగా, కొంతకాలముగా ముట్టని మెమరీ భాగములను, అనగా పుటలను, డిస్కు మీది స్వాప్ అను చోటికి పంపి, కావలసినపుడు మరల తెచ్చుకొనుట. పాత హార్డ్ డిస్కులో సూది ఒకచోటినుండి వేరొకచోటికి పోవుటకు సుమారు పది మిల్లీసెకనులు పట్టును. అనగా సెకనునకు నూరు చోట్లకన్న ఎక్కువ తడవలేదు. ఎస్.ఎస్.డి.కి సూదియే లేదు గనుక అది వేల సంఖ్యలో చదువగలదు. మెమరీ చాలక, పంపిన పుటనే మరల పిలుచుచు, పిలిచినదానికై వేరొకదానిని పంపుచు, హార్డ్ డిస్కు దీపము ఆరక వెలుగుచుండగా మౌసు గడ్డకట్టు దృశ్యము అనేకులకు పరిచితమే. ప్రోగ్రాము తప్పేమియు లేకున్నను యంత్రము చచ్చినదని విద్యుత్తు తీసివేయునది ఆ క్షణముననే.

దీనికి ఉపాయములు మూడు విధములు. వెల భరింపగలవారికి హార్డ్ డిస్కు స్థానమున ఎస్.ఎస్.డి. అమర్చుట సర్వోత్తమము; ర్యామ్ చేర్చుటకు వీలున్నచో అది తరువాతిది. ఏ వెలయు లేనిది జీర్యామ్: మెమరీ పుటలను డిస్కుకు పంపుటకు మారుగా, కుదించి, మెమరీలోనే యొక మూల నుంచుట. కుదించుటకు ప్రాసెసరు కొంత శ్రమపడును గాని, డిస్కు కొరకు వేచియుండుటతో పోల్చినచో ఆ శ్రమ లెక్కలోనిది కాదు. ఫెడోరా అను లినక్స్ పంపిణీలో, 2020లో వెలువడిన 33వ సంచిక నుండి, అది ముందుగనే అమరియుండును. తక్కిన పంపిణీలలో సులభముగ చేర్చుకొనవచ్చును. మూడవది, కెర్నెల్ తానే ఏ పుట అవసరమైనదో ఏది కాదో మరింత నేర్పుతో గుర్తించుట. యూ ఝావ్ కృషివలన 2022 డిసెంబరులో 6.1 కెర్నెల్‌లో చేరిన క్రొత్త పద్ధతి ఇట్టిది. అందుచేత పాత యంత్రమునకు పాత లినక్సే సరిపడునను నమ్మకము పొరపాటు; క్రొత్త కెర్నెల్ అనేక సందర్భములలో పాత యంత్రమునకు మేలు చేయును.

సులభత్వమునకు వత్తము. 1996లో జర్మనీ విద్యార్థియైన మత్తియాస్ ఎట్రిక్ కేడీఈ అను డెస్క్‌టాప్‌ను, 1997లో మెక్సికోకు చెందిన మిగెల్ డి ఇకాజా, ఫెడెరికో మేనా గ్నోమ్‌ను ఆరంభించినపుడు, వానిని వాడినవారు ఇంచుమించుగా వ్రాసినవారే. తాము వ్రాసినది తమకు సులభముగనే యుండును గదా! 2001లో సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ, గ్నోమ్‌ను ఎన్నడు ఎరుగని మనుష్యులను కూర్చుండబెట్టి, చిన్న చిన్న పనులు చేయుమని కోరి, వారు తడబడిన తావులను వ్రాసికొన్నది. నిర్మాతలకు నిత్యపరిచితములైన పేర్లును పారిభాషిక పదములును వారికి అగమ్యగోచరములైనవి. ఆ తరువాతి యేడు గ్నోమ్ తన రూపకల్పన నియమావళిని ప్రకటించెను. అందలి సూచనలలో నొకటి నాకు మిక్కిలి ఇష్టము: ప్రశ్న యడిగి అవును, కాదు అను బొత్తాములు పెట్టుటకన్న, బొత్తాము మీదనే భద్రపరచు, విడిచిపెట్టు అను క్రియను వ్రాయవలెనని. ప్రశ్నను పూర్తిగ చదువని తొందరలో కూడ మనిషి పొరపడడు. సంవత్సరముల శ్రమతో గీసిన చిత్రాలంకారములకన్న ఇట్టి రెండు మాటలు ఎక్కువ మందికి ఉపకరించినవని నా నమ్మకము. ఆ కాలముననే గ్నోమ్ నిర్మాతలలో నొకడైన హావొక్ పెనింగ్‌టన్ ఎల్లవారి కోరికలకును ఒక్కొక్క సెట్టింగు చేర్చుచుపోవుట ఉచితముగ జరుగు పని కాదనియు, ప్రతి సెట్టింగును పరీక్షింపవలసిన భారము, వెదకవలసిన భారము ఎవరిమీదనో పడుననియు వాదించెను.

ఆ వాదము సత్యమే. కాని దానికిని ఒక హద్దు కలదని 2011 తెలిపెను. ఆ యేటి గ్నోమ్ 3 పాత మెనూను, అడుగునుండు విండోల పట్టీని తొలగించి, క్రొత్త రీతిని ప్రవేశపెట్టగా, పలువురు అలవాటు పడిన చేతులతో నిస్సహాయులైరి. టోర్వాల్డ్స్ సైతము కొంతకాలము ఎక్స్‌ఎఫ్‌సీఈకి మారెను. పాత రూపమును నిలుపుటకై మాటే, సంప్రదాయ రీతిని క్రొత్త పునాదిపై కట్టుటకై సినమన్ పుట్టినవి. విండోస్ నుండి వచ్చు మన పెద్దలకు నేను సినమన్ గల లినక్స్ మింట్‌నే సూచింతును; ఎడమ మూలనున్న మెనూ, అడుగున పట్టీ, కుడివైపున గడియారము వారి చేతికి ముందే తెలిసియుండుట ఒక పెద్ద వేగము. కదలికల విషయమున మాత్రము అదుపు మంచిది: విండో ఎచ్చటికి ముడుచుకొన్నదో చూపు కదలిక ఉపకారి, కేవలము అలంకారమైనది నిత్యము కాలహరణమే. గ్నోమ్‌లో దానిని తగ్గించుటకును, కేడీఈలో దాని వేగమును మార్చుటకును సెట్టింగులలో తావు కలదు.

తెలుగు చదువరికి తెర మరియొక పరీక్ష పెట్టును. స్త్రీ అను ఒక్క అక్షరము కంప్యూటరు లోపల ఆరు సంకేతముల వరుస. వానిని ఒక్క రూపముగా కూర్చుట హార్ఫ్‌బజ్ వంటి అక్షరసంయోజన సాధనముల పని. ఇది నేడు చక్కగనే జరుగుచున్నది. లోహిత్ తెలుగు, దేశికాచార్యులుగారి పోతన ఫాంటు వంటివి ఉచితముగ దొరకును. హైదరాబాదునందలి స్వేచ్ఛ సంస్థవారు తెలుగులో లినక్స్‌నే సిద్ధపరచిరి. ఐబస్ అను సాధనము ద్వారా ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు గాని, ఉచ్చారణను బట్టి నడచు కీబోర్డు గాని అమర్చుకొనవచ్చును. మిగిలిన లోపము కొలతలలో నున్నది. లాటిన్ లిపికి చాలునట్లు పంక్తి యెత్తు నిర్ణయించిన మెనూలలోను, బొత్తాములలోను మన వత్తులు క్రింద తెగిపోవుచుండును. వత్తు తెగిన మాటను రెండుమారులు చదువవలెను. ఇట్టి లోపము దానిని ఎన్నడు చూడని విదేశ నిర్మాతకు తోచునది కాదు. తెర బొమ్మను, ఫాంటు పేరును, దాని పరిమాణమును, డెస్క్‌టాప్ సంచికను తెలిపి ఆ ప్రోగ్రామువారి లోపనివేదికల చోట నమోదు చేయుటకు కోడు రానక్కరలేదు. ఆంగ్లమున నాలుగు వాక్యములు చాలును. సన్ సంస్థ 2001లో తడబడువారిని వెదకి కూర్చుండబెట్టవలసివచ్చెను. తెలుగు తెర యెదుట కూర్చుండువారు తమ తడబాటును తామే వ్రాసి పంపవచ్చును.